ఇచ్చకము అనే మాటకు అర్థం

రెండువేల ఇరవైరెండవ సంవత్సరం జూన్ నెల పంతొమ్మిదవ తేదీ, ఆదివారం, సాయంకాలం నాలుగు గంటల నలభై నిమిషాలకు, తొలకరి జల్లు పడీ పడనట్లు పడుతున్న వేళ, చిక్కడపల్లి గ్రంథాలయం గేటు ముందు జీవరత్నం గారిని ఒక యువతి దారి అడిగింది. ఆమె భుజాన ఒక సంచి, చేతిలో చక్రం విరిగిన పెట్టె ఉన్నాయి. అశోక్‌నగర్‌లోని ఒక ఆడపిల్లల హాస్టల్ పేరు చెప్పి, అది ఎటువైపని అడిగింది. ఆ పేరు జీవరత్నం గారు అంతకు మునుపెన్నడూ వినలేదు. ఆ సంగతే చెప్పి ఉంటే సరిపోయేది. కాని ఆమె ముఖం వానకు తడిసి, కొత్త ఊరి బెదురుతో ఉన్నది. తెలియదన్న మాట వినగానే ఆ ముఖం ఎట్లా వాడిపోతుందో ఆయన ఊహించుకున్నారు. అంతలో ఆయన చెయ్యి దానంతట అదే లేచింది.

“తిన్నగా వెళ్ళమ్మా. రెండో సందు దాటగానే కనబడుతుంది. ఎంతో దూరం లేదు.”

ఆమె దండం పెట్టి తిన్నగా వెళ్ళింది. క్రాస్‌రోడ్డు దాకా పోయి, అక్కడ మరి ముగ్గురిని అడిగి, జల్లు వానగా మారిన తరువాత వెనుదిరిగి, చివరకు అశోక్‌నగర్‌లో ఒక జిరాక్స్ దుకాణం పక్కన మెట్ల కింద తలదాచుకున్నది. ఆ మెట్లు ఎక్కితే పైన పాస్టర్ బుగ్గయ్య గారి ప్రార్థనా మందిరం. సాయంకాలపు కూడికకు వచ్చిన జీవరత్నం గారు గొడుగు ముడుస్తూ ఆమెను చూశారు. ఆమె కూడా గుర్తుపట్టింది.

“హాస్టల్ ఈ సందులనే ఉన్నదట సార్. మీరు చెప్పినదానికి ఉల్టా,” అన్నది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు.

ఆయన ఆమెను పైకి తీసుకుపోయి వేడి టీ ఇప్పించి, ఇంత వానలో, కొత్త ఊళ్ళో, ఒకరి సాయం లేకుండా దారి కనుక్కున్న మనిషి సామాన్యురాలు కాదని మెచ్చుకున్నారు. దారి తప్పించినది తానేనన్న సంగతి ఆ మెప్పులో కలిసిపోయింది. ఆమె పేరు స్వరూప. నాగర్‌కర్నూల్ దగ్గరి పల్లె. తల్లి ఊళ్ళో ప్రార్థనలకు పోయే మనిషి. స్వరూప డిగ్రీ, బి.ఎడ్. ముగించి, గ్రూప్ పరీక్షకు చదవడానికి వచ్చింది. ఆనాటి నుండి ప్రతి ఆదివారం ఆ మెట్లు ఎక్కడం ఆమెకు అలవాటయింది.

జీవరత్నం గారి తండ్రి, ఉమ్మడి రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో గుంటూరు ప్రాంతం నుండి గుమాస్తాగా వచ్చి చిక్కడపల్లిలో ఇల్లు అద్దెకు తీసుకున్నవారు. జీవరత్నం గారు నారాయణగూడలో ఒక ఉన్నత పాఠశాలలో పదవీ విరమణ దాకా తెలుగు చెప్పి, అదే చిక్కడపల్లిలో మరొక అద్దె ఇంట భార్య సుగుణమ్మతో కాలం గడుపుతున్నారు. మాటల విషయంలో ఆయన అంత కఠినులు లేరు. మనుషుల విషయంలో అంత మెత్తనివారూ లేరు. మందిరం వారి ఉజ్జీవ కూడికల బ్యానరులో ‘జ్జీ’ అనే అక్షరానికి దీర్ఘం లోపించిందని, కూడికలు మరునాడే అయినా, దానిని హిమాయత్‌నగర్ దుకాణానికి తిప్పి పంపారు. వెంట తామూ వెళ్ళి, దుకాణదారు చిన్నబుచ్చుకోవడం చూసి, రంగుల పొందిక మాత్రం ఇంతకు ముందెన్నడూ ఎరుగనంత బాగున్నదని చెప్పి వచ్చారు. ఆ రంగులు ఆయనకు ఏమాత్రం నచ్చలేదు.

మందిరంలో శ్రుతి కలవని గొంతును మధురమన్నారు. పాస్టర్ గారు గంటన్నర సాగదీసిన ప్రసంగాన్ని అప్పుడే ముగిసిందా అన్నారు. ఇంట్లో సుగుణమ్మ వంటకు ఏనాడూ వంక పెట్టలేదు. తన భర్త నోట బాగాలేదన్న మాట తాను ఒక్కసారే విన్నాననీ, అది కొత్త నిఘంటువులో ఒక అచ్చుతప్పును గురించేననీ ఆమె చుట్టాలతో చెప్పి నవ్వుతుండేది. జీవరత్నం గారు దీనినంతటినీ ప్రేమ అనుకున్నారు. క్రైస్తవునికి ఉండవలసిన మృదుత్వం ఇదేనని కూడా అనుకున్నారు.

పరీక్షలకు చదివే హాస్టల్ పిల్లలు గ్రంథాలయం ఆవరణలో పొద్దుటి నుండి చీకటి పడేదాకా కూర్చునేవారు. జీవరత్నం గారు పత్రికలు చదవడానికి అక్కడికి పోయేవారు గనుక, వారు తాము రాసిన వ్యాసాలు తెచ్చి చూపడం మొదలుపెట్టారు. ఆయన ఎర్ర కలంతో అక్షరదోషాలన్నీ దిద్ది, కింద ‘బాగుంది’ అని రాసేవారు. స్వరూప వ్యాసాల కింద ‘చాలా బాగుంది’ అని ఉండేది. జనగామ వైపు నుండి వచ్చి, అవే పరీక్షలకు చదువుతూ మందిరానికి కూడా వచ్చే ఉప్పలయ్య అనే యువకుడు దీనిని కనిపెట్టి స్వరూపను ఆటపట్టించేవాడు.

“సార్ తాన రెండే మార్కులుంటయి అక్కా. బాగుంది, చాలా బాగుంది. ఫెయిల్ అన్నదే లేదు. సారే బోర్డుల ఉంటే మన ఊర్లె అందరం ఆఫీసర్లమే.”

స్వరూప నవ్వేది కాని, ఆ రెండవ మార్కును నమ్మేది.

ఆమె వచ్చిన కొత్తల్లో చిన్న చిన్న వాక్యాలు రాసేది. చెరువు ఎందుకు ఎండింది, ఎవరు పూడ్చారు, ఏమి చేయాలి అన్నవి సూటిగా ఉండేవి. జీవరత్నం గారు వాటిలో తప్పులు దిద్దుతూ, ఈ వాక్యాన్ని ఇట్లా సాగదీస్తే ఇంకా నిండుగా ఉంటుందని ఒకటి రెండు చోట్ల చూపించారు. ఆమె చురుకైనది. ఏడాది తిరిగేసరికి ఆ నిండుదనం ఆమె చేతికి వచ్చింది. చెరువుల మీద ప్రశ్న ఇస్తే, నాగరికతలు నదీతీరాల పుట్టిన వైనంతో ఎత్తుకుని, మానవునికీ జలానికీ గల అనాది బంధాన్ని వర్ణించి, పేజీ ముగిసేవేళకు చెరువు గట్టు ఎక్కేది. జీవరత్నం గారు అది చదివి, తన వాక్యం మరొకరి కలం నుండి వస్తున్నదని లోలోపల పొంగిపోయేవారు. పాఠశాలలో అన్నేళ్ళు చెప్పినా ఆ వాక్యం ఎవరికీ పట్టుబడలేదు. “మీ లెక్క చెప్పెటోల్లు కోచింగుల ఒక్కరు లేరు సార్,” అని ఆమె అంటే, ఆయన కాదనేవారు కారు. కట్టలకొద్దీ జవాబులు దిద్దవలసిన పరీక్షకుడు ఆ వ్యాసాన్ని నాలుగు పంక్తుల దగ్గర వదిలేస్తాడని ఆయనకు తెలుసు. ఆ తెలిసినదానిని ఆయన నోటి దాకా రానీయలేదు.

ఆమె పరీక్ష రాసి తప్పింది. జీవరత్నం గారు అంగుళంలో తప్పిందన్నారు. ఇంకొక పరీక్ష రాసి అదీ తప్పింది. ఈసారి అరంగుళమన్నారు.

రెండువేల ఇరవైనాలుగు ఆగస్టులో, ఒక శనివారం మధ్యాహ్నం, స్వరూప గ్రంథాలయంలో ఆయన కూర్చునే సిమెంటు బల్ల దగ్గరికి వచ్చింది. వాళ్ళ జిల్లాలోని ఒక ప్రైవేటు వసతి పాఠశాల నుండి ఫోను వచ్చిందనీ, సాంఘికశాస్త్రం చెప్పడానికి రమ్మంటున్నారనీ, సోమవారం సాయంత్రంలోగా అవునో కాదో చెప్పాలనీ, తరువాత ఆ చోటు మరొకరికి పోతుందనీ చెప్పింది. తల్లి పొమ్మంటున్నది. వయసు ముప్పై దాటింది. పోతే చదువు సాగదు. ఉంటే, మళ్ళీ తప్పితే, ఇటువంటి పిలుపు మళ్ళీ వస్తుందన్న నమ్మకం లేదు. ఇదంతా చెప్పి, ఉండాలా పోవాలా అని అడిగింది.

జీవరత్నం గారు ఆమె ముఖం చూశారు. అది ఏమి వినగోరుతున్నదో స్పష్టంగా ఉన్నది.

“నీ వ్యాసం చదివినవాడు మార్కు వేయకుండా ఉండలేడమ్మా. ఈసారి నీకు తప్పదు,” అన్నారు.

ఆమె ముఖం విప్పారింది. ఆ విప్పారడం చూసి ఆయన సంతోషించలేకపోయారు. కారణం ఉన్నది. పాస్టర్ బుగ్గయ్య గారు వరంగల్‌లో బంధువుల పెండ్లికి పోతూ, మరునాటి వాక్యోపదేశం జీవరత్నం గారికి అప్పగించారు. ఆ నెలలో వరుసగా కీర్తనల మీద ప్రసంగాలు జరుగుతున్నాయి. మరునాటి కీర్తన ఇచ్చకములాడే మోసపు పెదవుల గురించిన మొర. దానికోసం ఆయన నాలుగు రోజులుగా సిద్ధపడుతున్నారు.

ఆదివారం మందిరం నిండింది. జీవరత్నం గారు తెల్లని చొక్కా తొడుక్కుని, కాగితాలు వరుసగా పేర్చుకుని, నెమ్మదిగా ఆరంభించారు. అబద్ధమాడేవాని కన్ను తన లాభం మీద ఉంటుంది గనుక వానిని పట్టుకోవడం కష్టం కాదనీ, ఇచ్చకములాడేవాని కన్ను ఎదుటివాని ముఖం మీద ఉంటుంది గనుక అతనిని ప్రేమగలవాడని పొరపడతామనీ, అంతకన్నా ప్రమాదం, అతడు కూడా తనను గురించి అట్లాగే పొరపడడమనీ చెప్పారు. అబద్ధికుడు తన తప్పును ఎప్పుడో ఒకప్పుడు ఒప్పుకుంటాడు, ఎందుకంటే అది తప్పని అతనికి ముందే తెలుసు. ఇచ్చకములాడేవాడు తన తప్పునే తన పుణ్యంగా దేవుని ముందు పెడతాడు. దేవుడు దానిని ఏ లెక్కన స్వీకరించాలి?

వాక్యాలు చక్కగా కుదురుతున్నాయి. ఆయన ఒక ఉపమానం కూడా అనుకుని వచ్చారు. నగరంలో దారి అడిగితే తెలియదని చెప్పేవారు అరుదనీ, అడిగినవారిని నిరాశపరచడం ఇష్టంలేక చెయ్యి చాచి తిన్నగా పొమ్మంటారనీ, అట్లా పొమ్మన్నవాడు మేలు చేశానన్న తృప్తితో ఇంటికి పోతే, పోయినవాడు వానలో తిరుగుతుంటాడనీ చెబుతుండగా, వెనుక వరుసలో ఉప్పలయ్య కిసుక్కున నవ్వాడు. స్వరూప కూడా చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. తాను చెబుతున్నది ఎవరి కథో అప్పుడు గాని జీవరత్నం గారికి స్ఫురించలేదు. ఆయన కాగితం తిప్పి, కనబడిన చోటి నుండి చదవసాగారు. ఇచ్చకపు మాటలు దేవునికి అసహ్యములు, ఇచ్చకపు మాట నోట రానీయకుడు అని గట్టిగా ముగించి, తుది ప్రార్థన చేసి కూర్చున్నారు.

కూడిక ముగిసి, జనం టీ గ్లాసులతో మెట్ల దగ్గరా డాబా మీదా నిలబడ్డారు. స్వరూప ఆయన దగ్గరికి వచ్చింది.

“వందనాలు సార్. ఈ దినం వాక్యం నాకోసమే చెప్పినట్టున్నది.”

జీవరత్నం గారి గ్లాసు చేతిలో కదలక నిలిచింది. ఆమెకు అర్థమయిందని భయం కలిగింది. అర్థమయితే తాను చెప్పవలసిన అవసరం తప్పుతుందని ఒక ఊరట కూడా కలిగింది.

“నేను డిసైడ్ అయిన సార్. రేపు ఫోన్ జేసి రానని చెప్తా,” అన్నదామె.

“ఎందుకమ్మా?”

“మీరే చెప్పిన్రు గద. ఇచ్చకపు మాట దేవునికి గిట్టదని. ఇచ్చి తప్పే మాట. మీరు నిన్న నాకు మాట ఇచ్చిన్రు, ఈసారి నీకు తప్పదని. గంత ధైర్యంగ ఇచ్చకపు మాటల మీద చెప్పిన మనిషి, ఇచ్చిన మాట ఊకనే ఇస్తడా? మీరు మాట ఇచ్చిన్రని అమ్మకు గూడ పొద్దుగాలనే చెప్పిన.”

జీవరత్నం గారికి సంగతి బోధపడింది. ఇచ్చకము అన్న మాట ఆమె పల్లెలో గాని, ఈ హాస్టల్లో గాని ఎవరూ వాడరు. ఆమె దానిని ఇచ్చు అనే క్రియతో ముడిపెట్టుకున్నది. గంటసేపు ఆయన చెప్పినదంతా ఆ ముడి మీదుగానే విన్నది. ఇచ్చిన మాట నిలుపుకోవడాన్ని గురించిన మంచి ప్రసంగంగా అది ఆమె చెవికి చేరింది. చివరకు దారి తప్పించిన ఉపమానం కూడా, చెప్పి చేయనివాని కథగా సరిపోయింది.

ఆయన ఊరకుండవచ్చు. ఆ పొరపాటు ఆయనను కాపాడుతున్నది. దానిని కదిలించమని ఎవరూ అడగలేదు. ఎదుట ఉన్న ముఖం కళకళలాడుతున్నది. ఇటువంటి ముఖాన్ని చిన్నబుచ్చిన అలవాటు ఆయన బ్రతుకులో లేదు. కాని ఒక మాటకు తప్పుడు వ్యుత్పత్తి చెవిన పడి, దానిని దిద్దకుండా వదిలిన అలవాటు కూడా లేదు. ఆ రెండు అలవాట్లూ అంతవరకు ఎన్నడూ ఎదురుపడలేదు.

“అది ఇచ్చు అనే క్రియ నుండి వచ్చిన మాట కాదమ్మా,” అన్నారు. అన్న తరువాత ఆగడానికి చోటు లేకపోయింది. “ఇచ్చ అంటే కోరిక. ఎదుటివారి ఇచ్చ ఏమిటో కనిపెట్టి, దానికి తగినట్లు పలికే మాటను ఇచ్చకపు మాట అంటారు.”

చెప్పులు తొడుక్కుంటున్న ఉప్పలయ్య తల ఎత్తాడు. “మస్కా అక్కా. సార్ గంట సంది మస్కా గురించే చెప్తున్నరు. నువ్వేమనుకున్నవ్?”

స్వరూప ఉప్పలయ్య వైపు చూడలేదు. మస్కా అన్న మాటకు ఆమెకు ఎవరూ అర్థం చెప్పనక్కరలేదు. జీవరత్నం గారినే అడిగింది.

“నిన్న నా ఇచ్చ ఏందో మీకు ఎరుకేనా సార్?”

“ఎరుకే.”

“ఉండుమంటే బాగుండని మీ మొకం చూసిన.”

“నేను నీ ముఖం చూశాను. అందుకే అట్లా చెప్పాను.”

“మరి వ్యాసాలు?”

జీవరత్నం గారు గ్లాసు పిట్టగోడ మీద పెట్టారు. వ్యాసాలు బాగాలేవని చెప్పారు. ఆమె వచ్చిన కొత్తల్లో రాసినవి పరీక్షకు పనికివచ్చేవనీ, వాటిని నిండుగా రాయించినది తానేననీ, ప్రశ్న ఒకటి అడిగితే జవాబు పేజీ చివరికి గాని రావడంలేదనీ, అంగుళమూ అరంగుళమూ తాను కల్పించినవేననీ, మార్కుల మాట అడిగి కూడా చూడలేదనీ చెప్పారు. అలంకారం లేని మాటలు అన్ని ఒక్కచోట ఆయన నోట రావడం అదే మొదలు. చెబుతున్నంతసేపూ ఆమె ముఖం చూడలేదు. చూస్తే సగంలో ఆగిపోతానని ఆయనకు తెలుసు.

“రెండేండ్ల సంది నన్ను సీదా పొమ్మన్నరు సార్,” అన్నది స్వరూప.

ఆయన ఏదో అనబోయారు. దారి నీకు నువ్వే కనుక్కోగలవని ఒక మెప్పు నాలుక చివరికి వచ్చింది. దానిని ఆపుకున్నారు. ఆమె చెప్పులు వెతుక్కుని, వందనాలు చెప్పకుండా మెట్లు దిగింది. ఉప్పలయ్య ఆమె వెనుకనే రెండు మెట్లు దిగి, మళ్ళీ పైకి వచ్చి, ఆయన గ్లాసు తీసి కడిగే తొట్టిలో వేసి పోయాడు.

ఆ మధ్యాహ్నం ఇంట సుగుణమ్మ వడ్డించి, ప్రసంగం ఎట్లా జరిగిందని అడిగింది. జీవరత్నం గారు నాలుగు ముద్దలు తిన్నారు.

“పప్పులో ఉప్పు చాలలేదు.”

ఆమె వడ్డించే గరిటె ఆపి ఆయనను చూసింది. “ఇవాళ ఒక్కరోజేనా, ఎప్పుడూనా?”

“తరచుగా.”

“తెలిసీ తిన్నారన్నమాట.”

“ఆ.”

“మీకు తెలుసునని నాకూ తెలుసులెండి,” అని సుగుణమ్మ ఉప్పు గిన్నె తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టింది. ఆ రోజు నుండి ఆ గిన్నె అక్కడే ఉంటున్నది.

స్వరూప సోమవారం మధ్యాహ్నం ఆ పాఠశాలకు ఫోను చేసి వస్తానని చెప్పి, వారం తిరగకముందే హాస్టల్ ఖాళీ చేసింది. వెళ్ళేముందు మందిరంలో పాస్టర్ గారికి చెప్పింది కాని, జీవరత్నం గారి ఇంటికి పోలేదు. సాంఘికశాస్త్రం చెబుతూనే మరొకసారి పరీక్ష రాసింది. ఎంపిక కాలేదు. ఇప్పుడూ ఆ పాఠశాలలోనే పని చేస్తున్నది. ఉప్పలయ్యకు గుమాస్తా ఉద్యోగం వచ్చి జనగామ పోయాడు. జిరాక్స్ దుకాణం పై అంతస్తును ఇంటి యజమాని ఒక కోచింగు కేంద్రానికి ఇచ్చినందువల్ల, బుగ్గయ్య గారి మందిరం బాగ్ లింగంపల్లికి మారింది. జీవరత్నం గారు అక్కడికి బస్సులో పోయి వస్తున్నారు. ఆయన ప్రసంగానికి లేచినప్పుడు కష్టమైన మాటకు వెంటనే వాడుకమాట కూడా చెప్పడం జనం గమనించారు. మస్కా అన్న మాట వేదిక మీద ఒకసారి పలికారు. గ్రంథాలయంలో సిమెంటు బల్ల దగ్గరికి వ్యాసాలు తెచ్చేవారు తగ్గారు. తెచ్చినవారికి ఆయన ‘ఇక్కడ బాగాలేదు’ అని చూపుతారు. చూపేటప్పుడు వారి ముఖం వైపు చూడరు. ఆయనా స్వరూపా మళ్ళీ కలుసుకోలేదు.